నది మోడలింగ్, మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్: అప్‌గ్రేడ్ చేసుకోవాలా, ఏటా డబ్బు కడుతూ ఉండాలా, ఉచితానికి మారిపోవాలా?

ఈ చర్చ చాలా ఆఫీసుల్లో లైసెన్స్ రెన్యువల్ బిల్లు వచ్చిన రోజే మొదలవుతుంది. పోయిన ఏడాది కన్నా బిల్లు పెరిగి ఉంటుంది, లేదా వాడుతున్న వెర్షన్‌కు ఇక సపోర్ట్ ఉండదని కబురు వస్తుంది. గడువుకు మూడు వారాలే ఉంటుంది కాబట్టి టెన్షన్‌లో ఏదో ఒకటి తేల్చేస్తారు. సాధారణంగా అది పాతదాన్నే మరో ఏడాది కొనసాగించడం అవుతుంది.

ధర కన్నా ముందు ఇంకో ప్రశ్న వేసుకోమని నా సలహా. ఇవాళ తయారుచేసిన మోడల్‌ను పదేళ్ల తర్వాత ఇంకొకరు తెరిచి, మళ్లీ రన్ చేసి, అదే నీటి మట్టాన్ని రాబట్టగలరా? ఒక వంతెన ఎంత ఎత్తులో ఉండాలి, కరకట్ట ఎక్కడిదాకా కట్టాలి, ఏ గీత దాటి ఇళ్లకు అనుమతి ఇవ్వకూడదు అన్నవి మోడల్ ఫలితాల మీదే తేలతాయి. ఆ కట్టడాలు యాభై ఏళ్లు నిలుస్తాయి. ఈలోపు సాఫ్ట్‌వేర్ ఎన్నోసార్లు మారిపోతుంది. పెద్ద వరద వచ్చి "అప్పట్లో లెక్క ఎలా వేశారు?" అని ఎవరైనా అడిగినప్పుడు మోడల్ తెరుచుకోకపోతే, అప్పటిదాకా కట్టిన లైసెన్స్ డబ్బు ఎందుకూ పనికిరాదు. కింద చెప్పే పోలికలన్నిటికీ నేను ఈ ప్రశ్ననే కొలబద్దగా పెట్టుకున్నాను.

మ్యాపింగ్ వేరు, మోడలింగ్ వేరు

ఈ రెండింటినీ ఒకే మూటగా చూడటం వల్లే చాలామంది అవసరానికి మించి ఖర్చు పెడుతున్నారు. మ్యాపింగ్ అంటే ఎత్తుల డేటాను శుభ్రం చేయడం, పరీవాహక ప్రాంతం గీయడం, క్రాస్ సెక్షన్లు (నదికి అడ్డంగా నేల ఎత్తుల కొలతలు) తీయడం, చివర్లో ముంపు మ్యాప్ వేయడం. మోడలింగ్ అంటే ప్రవాహ సమీకరణాలను పరిష్కరించి ఎక్కడ ఎంత నీరు, ఎంత వేగం అన్నది లెక్కకట్టడం. మ్యాపింగ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారితే జవాబు దాదాపు మారదు, చేసే తీరు మాత్రమే మారుతుంది. మోడలింగ్‌లో అలా కాదు. నది అడుగు, గట్ల గరుకుదనాన్ని చెప్పే మ్యానింగ్ గుణకాలు ఫలానా సాల్వర్‌తో (సమీకరణాలను పరిష్కరించే భాగం), ఫలానా మెష్ మీద (నేలను చిన్న గళ్లుగా విడగొట్టిన వల) క్యాలిబ్రేట్ అయి, అంటే కొలిచిన నీటి మట్టాలకు సరిపోయేలా సర్ది ఉంటాయి. సాల్వర్ మారితే ఆ గుణకాలను అలాగే తెచ్చి వాడలేం.

అందుకే లైసెన్స్ ఖర్చు తగ్గించుకోవాలనుకునే వాళ్లు ముందు మ్యాపింగ్ వైపు చూడాలి. అక్కడ రిస్క్ తక్కువ.

మ్యాపింగ్: ఆర్క్‌జీఐఎస్, క్యూజీఐఎస్

ఎస్రీ కంపెనీ ఆర్క్‌జీఐఎస్‌లో పాత మ్యాపింగ్ ప్రోగ్రామ్ అయిన ఆర్క్‌మ్యాప్ కథ అప్‌గ్రేడ్ కష్టాలన్నిటికీ మంచి ఉదాహరణ. దాని చివరి వెర్షన్ 10.8.2, 2021లో వచ్చింది. 2026 మార్చి 1తో దానికి సపోర్ట్ ముగిసేలా కంపెనీ గడువు పెట్టింది. దాని స్థానంలో ఆర్క్‌జీఐఎస్ ప్రో 2015 నుంచీ ఉంది. పేర్లు దగ్గరగా ఉన్నా ఈ మార్పు మామూలు అప్‌గ్రేడ్ కాదు, ఇల్లు ఖాళీ చేసి వేరే ఇంటికి వెళ్లడం లాంటిది. మ్యాప్ ఫైళ్లను ప్రోలోకి తెచ్చుకోవచ్చు. కానీ పైథాన్ 2.7లో రాసుకున్న స్క్రిప్టులను పైథాన్ 3కి మార్చాలి. ఆర్క్‌మ్యాప్ కోసం చేయించుకున్న టూల్‌బార్లు, యాడ్-ఇన్‌లు ప్రోలో పనిచేయవు.

నదుల పని చేసేవాళ్లకు ఇందులో బాగా తగిలే విషయం హెక్-జియోరాస్. క్రాస్ సెక్షన్లు తీసి హెక్-రాస్ అనే ఉచిత నది మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌కు పంపడానికి ఏళ్ల తరబడి వాడిన ఆ టూల్ ఆర్క్‌మ్యాప్ మీద ఆధారపడింది. పైగా దానికి స్పేషియల్ అనలిస్ట్, త్రీడీ అనలిస్ట్ అనే రెండు అదనపు లైసెన్సులు కూడా కావాలి. ఇప్పుడు ఆ పనంతా హెక్-రాస్‌లోనే ఉన్న రాస్ మ్యాపర్ ఉచితంగా చేస్తోంది. జియోరాస్ కోసమే ఆ రెండు ఎక్స్‌టెన్షన్లకు ఇంకా డబ్బు కడుతున్న ఆఫీసు ఏదైనా ఉంటే, ఈ వ్యాసంలో వాళ్లు ముందుగా చేయాల్సిన పని ఇదే: లైసెన్సుల జాబితా తెరిచి, ఆ రెండూ ఇప్పుడు ఎవరికి, దేనికి కావాలో అడగండి.

ఉచిత, ఓపెన్ సోర్స్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్ 2002లో మొదలైంది. రోజువారీ మ్యాపింగ్‌కు ఇప్పుడు అది ఆర్క్‌జీఐఎస్‌కు ఏమాత్రం తీసిపోదు. పరీవాహక ప్రాంతాలు, ప్రవాహ దిశలు తీయడానికి అందులోంచే గ్రాస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ టూల్స్ వాడుకోవచ్చు. ఆ గ్రాస్ పుట్టింది 1980ల్లో అమెరికా సైనిక ఇంజనీర్ల ప్రయోగశాలలో. అవతలి వాళ్లు ఎస్రీ సొంత ఫార్మాట్ అయిన ఫైల్ జియోడేటాబేస్ రూపంలోనే డేటా ఇవ్వమన్నారన్నది ఒకప్పుడు ఆర్క్‌జీఐఎస్ ఉంచుకోవడానికి గట్టి కారణం. మ్యాప్ ఫైళ్లను చదివే ఓపెన్ సోర్స్ లైబ్రరీ జీడాల్‌లో 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి ఆ ఫార్మాట్‌ను లైసెన్స్ లేకుండానే చదవడమే కాదు, రాయడం కూడా కుదురుతోంది.

ఉచితం కాబట్టి అప్‌గ్రేడ్ బాధ ఉండదనుకోవద్దు. 2018లో క్యూజీఐఎస్ 3.0 వచ్చినప్పుడు 2.x కోసం రాసిన ప్లగిన్లు పనిచేయడం ఆగిపోయింది. వాటిని రాసినవాళ్లు తిరగరాస్తేగానీ మళ్లీ నడవలేదు. కొత్త వెర్షన్ నాలుగు నెలలకోసారి వస్తుంది. ఆఫీసులో అందరూ ఎవరికి తోచిన వెర్షన్ వాళ్లు వేసుకుంటే ఒకరి ప్రాజెక్ట్ ఫైల్ ఇంకొకరి దగ్గర సరిగ్గా తెరుచుకోదు. ఏడాదికోసారి ప్రకటించే దీర్ఘకాలిక వెర్షన్‌ను మాత్రమే అందరి కంప్యూటర్లలో పెట్టండి. మీ పని ఏ ప్లగిన్ల మీద ఆధారపడి ఉందో రాసి పెట్టుకోండి. ఒక ప్లగిన్‌ను ఒకే వ్యక్తి ఖాళీ సమయంలో నడిపిస్తుంటే అది ఎప్పుడైనా ఆగిపోవచ్చన్న లెక్కతోనే వాడండి.

ఆర్క్‌జీఐఎస్‌కు డబ్బు పెట్టడం సమంజసమైన సందర్భాలు కూడా ఉన్నాయి. పదుల మంది ఒకేసారి ఎడిట్ చేసే పెద్ద డేటాబేస్, వెబ్ పోర్టల్, ఆర్క్ హైడ్రో (నీటి వనరుల కోసం ఆర్క్‌జీఐఎస్‌లో వాడే టూల్స్) మీద కట్టుకున్న పాత వ్యవస్థ ఉంటే మారడానికయ్యే శ్రమ లైసెన్స్ కన్నా ఎక్కువ కావచ్చు. అప్పుడైనా అందరికీ లైసెన్స్ అక్కర్లేదు. డేటాబేస్‌ను చూసుకునే ఇద్దరు ముగ్గురికి ఉంచి, మ్యాప్ చూసేవాళ్లకు, చిన్న లేయర్లు గీసేవాళ్లకు క్యూజీఐఎస్ ఇస్తే సరిపోతుంది.

మోడలింగ్: అసలు తూకం ఇక్కడే

హెక్-రాస్‌ను అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగానికి చెందిన హైడ్రలాజిక్ ఇంజనీరింగ్ సెంటర్ తయారుచేస్తుంది. మొదటి వెర్షన్ 1995లో వచ్చింది. 2016లో 5.0తో టూడీ ప్రవాహం (నది వెంబడే కాక నేల మీద అన్ని వైపులా నీరు పరుచుకునే లెక్క), 2021లో 6.0 వచ్చాయి. ఎవరైనా, ఎక్కడైనా, ఎన్ని కంప్యూటర్లలోనైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయితే ఇది ఓపెన్ సోర్స్ కాదు, ఉచితం మాత్రమే. లోపల లెక్క ఎలా నడుస్తుందో మాన్యువల్‌లో చదవాలి, కోడ్ మన చేతికి రాదు. ఆ సంస్థ బయటి వాళ్లకు నేరుగా సపోర్ట్ కూడా ఇవ్వదు.

నా దృష్టిలో దీని పెద్ద బలం ఉచితం కావడం కన్నా ఇంకొకటి ఉంది. ఒకే కంప్యూటర్‌లో 5.0.7, 6.1, 6.5 అన్నీ పక్కపక్కనే ఉంచుకోవచ్చు. పాత ప్రాజెక్టును పాత వెర్షన్‌లోనే తెరవడానికి ఎవరి అనుమతీ, ఏ సర్వర్ యాక్టివేషనూ అక్కర్లేదు. పదేళ్ల ప్రశ్నకు ఇంత తేలికైన జవాబు ఇచ్చే సాఫ్ట్‌వేర్లు తక్కువ. ఇన్‌స్టాలర్ ఫైల్‌ను ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే దాచి పెట్టుకోండి.

అప్‌గ్రేడ్‌లో వచ్చే చిక్కు మాత్రం ఇక్కడా ఉంది. 6.0లో టూడీ కోసం పాత పద్ధతితో పాటు ద్రవ్యవేగాన్ని మరింత కచ్చితంగా కాపాడే కొత్త సాల్వర్ వచ్చింది. టర్బులెన్స్ లెక్క కట్టే తీరు కూడా మారింది. అందువల్ల 5.0.7లో క్యాలిబ్రేట్ చేసిన టూడీ మోడల్‌ను 6.xలో రన్ చేస్తే, ముఖ్యంగా వంతెనల దగ్గర, పదునైన మలుపుల దగ్గర, నీటి మట్టం తేడా రావచ్చు. ఏది తప్పు అన్నది కాదు ప్రశ్న, రెండూ వేర్వేరు లెక్కలు. కొత్త వెర్షన్‌లో ఒకసారి సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో సరిగ్గా తెరుచుకుంటుందన్న హామీ లేదు కాబట్టి, తెరిచే ముందు కాపీ తీసుకోవడం తప్పనిసరి. ఇక ఎక్కడ వెనకబడుతుందంటే, 6.x టూడీ లెక్కలు గ్రాఫిక్స్ కార్డ్ మీద నడవవు. నగరంలో భూగర్భ పైపుల వ్యవస్థ కూడా కలిసి ఉండాలంటే ఆ సౌకర్యం 6.6లోనే చేరింది, ఇంకా కొత్తది.

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లలో మైక్, టఫ్లో, ఇన్ఫోవర్క్స్ ఐసీఎం, ఫ్లడ్ మోడలర్ ముఖ్యమైనవి. "ఏది మంచిది?" అని అడిగే ముందు, మీరు దేనికి డబ్బు కడుతున్నారో చూసుకోండి. నగర డ్రైనేజీ, నది కలిసి పొంగే చోట ఇన్ఫోవర్క్స్ ఐసీఎంకు గట్టి పేరుంది. లక్షల సెల్స్ ఉన్న మోడల్‌ను గ్రాఫిక్స్ కార్డ్ మీద వేగంగా నడపడంలో టఫ్లో హెచ్‌పీసీ ముందుంటుంది. నీటి నాణ్యత, పూడిక, వరద ముందస్తు హెచ్చరిక అన్నీ ఒకే సంస్థ దగ్గర కావాలంటే మైక్ వైపు చూస్తారు. వీటన్నిటితో పాటు సమస్య వస్తే ఫోన్ ఎత్తి అడగగలిగే మనిషి కూడా దొరుకుతాడు. ఎడతెరిపి లేని వానల్లో రోజుకు నాలుగుసార్లు వరద అంచనా ఇవ్వాల్సిన చోట ఆ మనిషి విలువ చాలా ఎక్కువ. దాన్ని నేను ఎప్పుడూ అనవసర ఖర్చు అనను.

వీటి మధ్య పెద్దగా ఎవరూ పట్టించుకోని తేడా ఒకటి ఉంది. లైసెన్స్ ఆగిపోయిన మర్నాడు మీ ఇన్‌పుట్‌ను మీరు చదవగలరా? టఫ్లో ఇన్‌పుట్ అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లు, జీఐఎస్ లేయర్లు. ఇంజిన్ నడవకపోయినా మోడల్ ఏమిటో క్యూజీఐఎస్‌లో తెరిచి చూడొచ్చు. మైక్ ఫైళ్లు ఆ సంస్థ సొంత ఫార్మాట్‌లో ఉంటాయి, కానీ వాటిని చదవడానికి ఆ సంస్థే మైక్‌ఐఓ అనే ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ విడుదల చేసింది. ఇన్ఫోవర్క్స్ ఐసీఎం మోడల్‌ను తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ లేకుండా దాన్ని తెరవడం కష్టం కాబట్టి ఎగుమతి చేసి పెట్టుకునే అలవాటు అక్కడ ఇంకా ముఖ్యం.

తయారీదారు చేతులు మారినా మన మీద ప్రభావం ఉంటుంది. ఇన్ఫోవర్క్స్ తయారుచేసే ఇన్నోవైజ్‌ను ఆటోడెస్క్ 2021లో కొనేసింది. ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్లకు కొత్త శాశ్వత లైసెన్సులు అమ్మడం 2016లోనే ఆపేసి సబ్‌స్క్రిప్షన్‌కు మారింది. ఒక ఉత్పత్తి పెద్ద సంస్థ చేతికి వెళ్తే లైసెన్స్ పద్ధతి కూడా ఆ సంస్థ పద్ధతిలోకే వెళ్తుందని ముందే అనుకుని బడ్జెట్ వేసుకోవాలి. ఉత్పత్తి పేరు అలాగే ఉన్నా లోపల తరం మారిపోవడం ఇంకో రకం. మైక్ 11లో ఏళ్లపాటు కట్టిన నది నెట్‌వర్కులను తర్వాత మైక్ హైడ్రో రివర్‌కు, మైక్ ప్లస్‌కు మార్చుకోవాల్సి వచ్చింది. మార్చే టూల్ ఉంటుంది, కానీ మార్చాక ప్రతి కట్టడాన్నీ మనిషి కళ్లతో సరిచూడాల్సిందే.

ఓపెన్ సోర్స్ వైపు టెలిమాక్-మాస్కరే, డెల్ఫ్ట్3డీ, లిస్‌ఫ్లడ్-ఎఫ్‌పీ, అనుగా ఉన్నాయి. టెలిమాక్ ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ దగ్గర పుట్టింది. డెల్ఫ్ట్3డీ కోడ్‌ను నెదర్లాండ్స్‌లోని డెల్టారెస్ 2011లో తెరిచింది. అనుగాను జియోసైన్స్ ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ కలిసి రూపొందించాయి. పేరున్న సంస్థల ఇంజనీర్లు రాసిన సాల్వర్లు ఇవి, శాస్త్రీయంగా దేనికీ తక్కువ కావు. వేల రన్‌లు క్లస్టర్ మీద ఒకేసారి వేయాల్సి వస్తే లైసెన్స్ లెక్కపెట్టే పని లేకపోవడం వీటి పెద్ద లాభం. కోడ్ చేతిలో ఉంటుంది కాబట్టి పదేళ్ల ప్రశ్నకు సూత్రప్రాయంగా ఇదే అన్నిటికన్నా గట్టి జవాబు. ఆచరణలో మాత్రం బలహీనత మనుషుల దగ్గర ఉంది. మెష్ తయారీ, కంపైల్ చేయడం, టెక్స్ట్ ఫైళ్లలో సెట్టింగులు ఇవన్నీ తెలిసిన ఒక్క ఇంజనీర్ ఉద్యోగం మారితే ఆఫీసులో మోడల్ ఆగిపోతుంది. కనీసం ఇద్దరికి పని రాకపోతే ఈ దారిలోకి దిగొద్దు.

లైసెన్స్ రకాలు: సీటు ఎవరిది?

శాశ్వత లైసెన్స్ మాటలో ఉన్నంత శాశ్వతం కాదు. కొన్న వెర్షన్ మీ సొంతమే, కానీ అది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవాలన్న నియమం ఏమీ లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ మార్పుతో ఎన్నో పాత వెర్షన్లకు ఇబ్బంది మొదలైంది. కొన్ని సంస్థలు మెయింటెనెన్స్ మధ్యలో ఆపి మళ్లీ చేరితే ఆగిన ఏళ్ల బకాయి కూడా కట్టమంటాయి. ఆ షరతు ఉందో లేదో ఆపే ముందే చదవండి.

ఆఫీసులో అయిదుగురు నెలకు నాలుగైదు రోజులే మోడల్ నడిపితే, అందరూ పంచుకునే నెట్‌వర్క్ లైసెన్స్ ఒకటి రెండు చాలు. వ్యక్తి పేరు మీద ఇచ్చే పద్ధతికి కంపెనీ మారితే అదే పనికి అయిదు సీట్లు కొనాల్సి వస్తుంది. బిల్లు పెరగడానికి చాలాసార్లు అసలు కారణం ధర పెరగడం కాదు, ఈ లెక్క మారడం. డాంగుల్ (లైసెన్స్ కోసం కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) ఉన్నవాళ్లు దాన్ని విలువైన పరికరంగా చూసుకోవాలి, ఎందుకంటే పోయినా విరిగినా కొత్తది వచ్చేదాకా పని ఆగిపోతుంది. విద్యార్థి లైసెన్సుతో డబ్బులు వచ్చే కన్సల్టెన్సీ పని చేయడం ఒప్పందానికి విరుద్ధం. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీర్లకు ఈ విషయం ముందే చెప్పండి.

సాఫ్ట్‌వేర్ ఉచితమైతే డేటా కూడా ఉచితమేనని అనుకోవడం ఇంకో పొరపాటు. చెట్లు, భవనాల ఎత్తు తీసేసిన ఫాబ్‌డెమ్ అనే ఎత్తుల డేటా వరద పనికి చాలా బాగుంటుంది. కానీ బయటికి ఇచ్చే ఉచిత వెర్షన్ వాణిజ్యేతర లైసెన్స్ కింద ఉంది. కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల డేటాకు, ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటాకు అలాంటి అడ్డు లేదు.

మారాలా వద్దా ఎలా తేల్చుకోవాలి

ఒక్క ఏడాది బిల్లు చూసి తేల్చకండి. అయిదేళ్ల లెక్క వేయండి. అందులో చందా ఒక్కటే కాదు, ట్రైనింగ్ రోజులు, స్క్రిప్టులు తిరగరాసే రోజులు, పాత మోడళ్లను మళ్లీ క్యాలిబ్రేట్ చేసే రోజులు కూడా వేయాలి. ఈ చివరిది చాలా లెక్కల్లో కనపడదు, కానీ పెద్ద ఖర్చు అక్కడే ఉంటుంది. ఏటా చిన్న నదుల పనులు చేసే కన్సల్టెన్సీకి హెక్-రాస్, క్యూజీఐఎస్ దాదాపు అన్నిటికీ చాలు. పైపుల నెట్‌వర్క్ ఉన్న నగరం పని వచ్చినప్పుడు ఆ కొన్ని నెలలకే కమర్షియల్ లైసెన్స్ తీసుకుని, ఆ ఖర్చును ప్రాజెక్ట్ అంచనాలోనే చూపించడం మేలు. ప్రభుత్వ విభాగాలకు నా సలహా వేరు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న పట్టుదల కన్నా, కాంట్రాక్టర్ ఏయే ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో అప్పగించాలన్నది టెండర్‌లోనే రాయాలి. అది రాయకపోతే తర్వాత ఏ లైసెన్స్ కొన్నా మోడల్ తెరుచుకోదు.

అప్‌గ్రేడ్ ఎప్పుడు చేయాలన్నదానికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ప్రాజెక్ట్ మధ్యలో ఎప్పుడూ వద్దు. మొదలుపెట్టిన వెర్షన్‌తోనే ముగించండి. వెర్షన్ నంబర్, సాల్వర్, టైమ్ స్టెప్, మెష్ పరిమాణం రిపోర్టులో రాయండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మీ సొంత మోడళ్లలో మూడు ఎంచుకుని దాని మీద నడిపి చూడండి. వంతెన ఉన్న చిన్న వన్‌డీ మోడల్, తూములు ఉన్న టూడీ మోడల్, ఎక్కువ రోజుల వరద రన్ ఒకటి. ఎంచుకున్న కొన్ని చోట్ల నీటి మట్టాల తేడాను పట్టికలో పెట్టండి. రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లను పోల్చాలంటే ఇంగ్లండ్ పర్యావరణ ఏజెన్సీ తయారుచేసిన టూడీ పరీక్షలు బాగా పనికొస్తాయి. 2013 నాటి వాటి నివేదికలో అప్పటి ప్రధాన సాఫ్ట్‌వేర్ల ఫలితాలు పక్కపక్కనే ఉన్నాయి, హెక్-రాస్ బృందం కూడా తర్వాత అవే పరీక్షలు నడిపి ఫలితాలు ప్రకటించింది. అమ్మేవాళ్ల డెమో చూసి మురిసిపోయే ముందు వాటిలో ఒకటి మీ కళ్ల ముందే నడిపించమని అడగండి.

ఒక లైసెన్స్‌ను వదిలేయాలని తేల్చుకున్నాక గడువుకు కనీసం నెల ముందే ఎగుమతి మొదలుపెట్టండి. క్రాస్ సెక్షన్లను సీఎస్‌వీలోకి, లేయర్లను జియోప్యాకేజీలోకి తీయండి. షేప్‌ఫైల్ అయితే పది అక్షరాలు దాటిన కాలమ్ పేర్లను కత్తిరించేస్తుంది. ఎత్తుల డేటా, ముంపు లోతుల రాస్టర్లు జియోటిఫ్‌లోకి, హైడ్రోగ్రాఫులు (కాలంతో ప్రవాహం ఎలా మారిందో చెప్పేవి), బౌండరీ కండిషన్లు (మోడల్ అంచుల్లో ఇచ్చే ప్రవాహం, మట్టం) టెక్స్ట్ ఫైళ్లలోకి వెళ్లాలి. రఫ్‌నెస్ విలువలు, కట్టడాల కొలతలు, రన్ సెట్టింగులు ఒక పత్రంలో రాసి పెట్టాలి. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ లేని వేరే కంప్యూటర్‌లో, ఆ మోడల్ కట్టని ఇంకో ఇంజనీర్‌ను కూర్చోబెట్టి ఆ ఫైళ్లన్నీ తెరిపించండి. ఏదైనా తెరుచుకోకపోతే మళ్లీ ఎగుమతి చేయడానికి లైసెన్స్‌కు ఇంకా కొన్ని రోజుల గడువు మిగిలి ఉంటుంది.